మిల్లీమీటరు సరే, ఓడ ఏదీ?

ఈమధ్య మ్యూజియంలో ఓడ చూడ్డానికి వెళ్తే ముందు కళ్ళకి గంతలు కడుతున్నారు. వీఆర్ హెడ్‌సెట్టట. పెట్టుకోగానే సముద్రం, తెరచాపలు, మీదకి లేచొచ్చే అల. తీసేస్తే ఓ ఖాళీ గది, ఇద్దరు కుర్రాళ్ళు, ఓ ప్లగ్గు బోర్డు. "ఓడ ఏది బాబూ?" అంటే "ఇప్పుడే చూశారు కదండీ" అన్నారు. పైగా నా కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకోమన్నారు. అది లేకపోతే నాకు అసలు అలే మసక, ఇక బొమ్మ అల సంగతి చెప్పేదేముంది.

మా రోజుల్లో మ్యూజియం అంటే అద్దాల బీరువా, లోపల ఓడ నమూనా, అట్టముక్క మీద టైపు కొట్టిన రెండు వాక్యాలు. ఆ రెండిట్లో ఒకటి తప్పయ్యేది, అది వేరే విషయం. కానీ నమూనా ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, "టైమైపోయిందండీ" అనేవాడు లేడు. వంగి అడుగుభాగం చూసి, ఇది ఇసుక ఒడ్డుకి ఎక్కే పడవా, లోతు రేవులో నిలిచే ఓడా అని మనంతట మనమే తేల్చుకునేవాళ్ళం.

నాకు ఈ సణుగుడు హక్కు ఎక్కడిదంటారా? నేను విశాఖపట్నం షిప్‌యార్డు లాఫ్ట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. స్వతంత్రం వచ్చాక మనవాళ్ళు కట్టిన మొదటి ఓడ జలఉషను 1948 మార్చిలో నెహ్రూ నీళ్ళలోకి వదిలింది ఈ ఊళ్ళోనే. లాఫ్ట్ అంటే ఇప్పటి పిల్లలకి ఇంటి అటక మాత్రమే తెలుసు. మాకది పెద్ద హాలు. ఓడ గీతలన్నీ అసలు సైజులో నేలమీద గీసి, వాటి మీంచి టెంప్లేట్లు తీసి ఇస్తే, ఆ ప్రకారం కింద ఉక్కు పలకలు కోసేవారు.

డిజైను ఆఫీసు నుంచి అంకెల పట్టిక వచ్చేది. ఆ అంకెల ప్రకారం నేలమీద చుక్కలు పెట్టి, చుక్కల వెంబడి పొడవాటి సన్నని చెక్క బద్దని వంచి, అటూ ఇటూ మేకులు కొట్టి నిలబెట్టేవాళ్ళం. ఎక్కడైనా అనుమానం వస్తే ఆ చోట మేకు పీకాలి. బద్ద ఉన్నచోటే ఉంటే అంకె సరైనది. టక్కుమని పక్కకి జరిగిందా, అంకె తప్పు. పట్టిక మీద ఎంత పెద్ద ఇంజనీరు సంతకమున్నా సరే, అక్కడ బద్ద మాటే చెల్లేది. చివర్న చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి గీత పొడుగునా చూసేవాళ్ళం. ఎక్కడో వెంట్రుకవాసి ఎగుడు కనిపించేది. ఆ చూపు రావడానికి ఏళ్ళు పట్టేది, మోకాళ్ళు పోయేవి.

ఇప్పుడు కుర్రాడు మూడు కాళ్ళ స్టాండు మీద ఒక డబ్బా పెడతాడు. అది గిర్రున తిరుగుతుంది. వాడు టీ తాగొచ్చేలోపు లక్షల చుక్కలు కంప్యూటర్లో పడతాయి. మొన్న ఓ పాత చెక్క పడవని అలా స్కాన్ చేస్తుంటే పక్కనే ఉన్నాను.

"రెండు మిల్లీమీటర్లు కూడా తేడా రాదు మాస్టారూ" అన్నాడు.

"బాగానే ఉంది నాయనా. మరి పడవ కింద దిమ్మలు ఎక్కడున్నాయో చూశావా?"

చూడలేదు. దిమ్మలు నడుం దగ్గరే పెట్టారు. ఎన్నేళ్ళుగా అలా ఉందో, రెండు కొసలూ కిందికి వాలిపోయి నడుం పైకి లేచింది. వాడు మిల్లీమీటర్ల లెక్కన కొలిచింది పడవని కాదు, దాని కీళ్ళవాతాన్ని. ఆ కొలతలతో ఇంకో పడవ కడితే అది పుట్టుకతోనే ముసలిదవుతుంది. వంగిన గీతలోంచి అసలు గీతని బయటికి లాగాలంటే మళ్ళీ బద్దే కావాలి. పోనీ కంప్యూటర్లోనే బద్ద వంచు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏ మేకు పీకాలో తెలిసినవాడు పక్కన ఉండాలి కదా.

కుర్రాణ్ణి అనేసినా, ఈ డబ్బాలన్నీ దండగని నేననను. స్టాక్‌హోమ్‌లో వాసా అనే ఓడ ఉంది. 1628లో మొదటి ప్రయాణంలోనే రేవు దాటకుండా మునిగితే 1961లో పైకి తీశారు. అంత బరువు చెక్క, ఏళ్ళ తరబడి పొడి నేలమీద కూర్చుని, తన బరువుకి తనే కుంగుతోంది. దాని ఒళ్ళంతా గుర్తులు పెట్టి, కొలిచే యంత్రంతో వాటి స్థానాలు మళ్ళీ మళ్ళీ కొలుస్తూ, ఎటు ఎంత జరుగుతోందో లెక్క కడుతున్నారు. కింద పెట్టాల్సిన కొత్త ఆధారాలకి ఆ లెక్కలే ఆధారం. ఇదీ పని. యంత్రం అక్కడ ఓడకి కొలువు చేస్తోంది. మన దగ్గర ఓడే యంత్రానికి ముడిసరుకు.

వేల్స్ దేశంలో న్యూపోర్ట్ అనే ఊరుంది. 2002లో అక్కడ నది ఒడ్డున పునాదులు తవ్వుతుంటే పదిహేనో శతాబ్దపు ఓడ బయటపడింది. దాన్ని దుంగా దుంగా విప్పి, ఒక్కో ముక్కనీ డిజిటల్ చేతితో తడిమి కొలతలు తీశారు. ఆ తర్వాత చేసిన పని విని నా మనసు నిండింది. ప్రతి ముక్కనీ పదో వంతు సైజులో త్రీడీ ప్రింటు తీసి, మనుషులు చేతులతో ఒకదానికొకటి బిగిస్తూ పోయారు. ముక్కలు ఎక్కడ ఒదిగితే అక్కడ ఓడ ఆకారం తేలింది. అంత కంప్యూటరూ చేసి చివరికి ఏ ముక్క ఎటు వంగుతుందో చేత్తో చూడాల్సి వచ్చిందన్నమాట. మా లాఫ్ట్‌లో పనిచేసి పోయినవాళ్ళంతా పైనుంచి విని నవ్వుకుని ఉంటారు.

ఇక ఈ స్కానింగుల్లో రెండో రకం ఉంది. లండన్ సైన్స్ మ్యూజియంలో 1963లో ఓడల గ్యాలరీ తెరిచారు. పద్దెనిమిది వందల దాకా వస్తువులు, ఎక్కువ భాగం నమూనాలే. 2012లో దాన్ని మూసేశారు. మూసే ముందు హాలు మొత్తం లేజర్‌తో స్కాన్ చేసి, రెండు వందల కోట్ల చుక్కలుగా భద్రపరిచారు. ఆ చుక్కలతో చేసిన వీడియో చూశాను. నల్లటి చీకట్లో తెల్లటి ఓడలు, ఒకదాని లోపలి నుంచి ఇంకోటి కనబడుతూ. అందంగా లేదని ఎవరంటారు? నమూనాలు గోదాముకి పోయాయి, ఆ చోట వేరే గ్యాలరీ వచ్చింది. స్కానింగ్ పేరు చెప్పి చోటు ఖాళీ చేయడం ఎంత తేలికో చూశారా. "పోలేదండీ, ఫైలు ఉంది" అంటే ఇక అడిగేవాడెవడు?

మనం ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు లెండి. 1971 యుద్ధంలో తూర్పు సముద్రాన్ని ఏలిన పాత విక్రాంత్‌ని ముంబయిలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంచి, చివరికి 2014లో ముక్కలు చేశారు. ఆ ఉక్కులో కొంత కరిగించి మోటారు సైకిళ్ళు చేశారు. ఎవరింటి ముందో స్టాండు వేసి ఉంటుంది, విక్రాంత్.

మా బీచిలో కురుసుర నయం. 1969 నుంచి 2001 దాకా నీళ్ళలో తిరిగిన జలాంతర్గామి. 2002లో ఒడ్డుకెక్కించి జనానికి చూపిస్తున్నారు. గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరుతుంటే తల కొట్టుకుంటుంది. నేవీలో చేసి వచ్చినవాళ్ళు దగ్గరుండి చెబుతారు. తల కొట్టుకుంటే గాని డెబ్బై మంది అందులో నెలల తరబడి ఎలా ఉన్నారో ఎక్కదు. ఏ హెడ్‌సెట్టూ ఆ బొప్పి కట్టించలేదు. అయితే దానికి ఎదురుగా ఉన్నది బంగాళాఖాతం. ఆ ఉప్పుగాలి ఇనుమంటే వదలదు. మా రోజుల్లో పలకని సుత్తితో కొట్టి వినేవాళ్ళం. ఖంగుమంటే గట్టిది, దబ్బుమంటే తినేసింది. ఇప్పుడు అల్ట్రాసోనిక్ మీటరు ఆనిస్తే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అంకె చూపిస్తుంది. ఈ ఒక్క విషయంలో సుత్తి ఓడిపోయిందని ఒప్పుకుంటాను. ఎటొచ్చీ అంకె తెలిశాక పెయింటు వేయడానికి డబ్బు రావాలి. హెడ్‌సెట్టుకైతే స్పాన్సరు దొరుకుతాడు. రంగు డబ్బా పక్కన నిలబడి ఫొటో దిగేవాడు దొరకడు.

ఇంకో మాట. నేను చూసిన ఓ ఆఫీసులో గుడ్డ మీద ఇంకుతో గీసిన ట్రేసింగులు అరల్లో చుట్టి ఉండేవి. తొంభైల్లో వాటిలో కొన్నిటిని ఫ్లాపీల్లోకి ఎక్కించి, ఇక గుడ్డలెందుకని పారేశారు. మిగిలిన గుడ్డలు ఇప్పటికీ పరిస్తే చదవొచ్చు. ఫ్లాపీలు తెరిచే మిషను లేదు, తెరిచినా ఆ ఫైలు చదివే ప్రోగ్రాము లేదు. చెక్కకి చెద పడితే కంటికి కనిపిస్తుంది. ఫైలుకి పడితే తెరిచేదాకా తెలీదు. అందుకని కొత్త మిషను వచ్చినప్పుడల్లా ఫైళ్ళన్నీ దాంట్లోకి మార్చుకుంటూ పోవాలి. దానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టారా అని అడిగితే ప్రారంభోత్సవం ఫొటోలు చూపిస్తారు.

నా అసలు బాధ కోరంగి వైపు. ఓడలు కట్టిన ఆ రేవు పేరు ఎంత దూరం పాకిందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1839 తుపాను ఊరిని ముంచేసింది, రేవు పూడిపోయింది. అయినా ఆ పక్కనే తాళ్ళరేవులో కాగితం మీద గీత గీయకుండా చెక్క పడవ కట్టిన మేస్త్రులున్నారు. బద్ద కూడా అక్కర్లేదు, కంటితోనే వంపు పడుతుంది. స్కాన్ చేయాల్సింది వాళ్ళ పని. బాడిస ఏ కోణంలో పడుతోంది, ఏ దుంగని చూసి "ఇది ముక్కుకి" అని పక్కన పెడుతున్నాడు, సందుల్లో పీచు ఎంత బిగువున దట్టిస్తున్నాడు, ఎందుకు ఆగాడు, ఎందుకు తిట్టాడు. నాలుగు కెమెరాలు, ఒక మైకు, ఒక వర్షాకాలం ఓపిక చాలు. అయిపోయిన పడవ చుట్టూ లేజర్ తిప్పితే ఇందులో ఒక్కటీ రాదు. ఆ మేస్త్రుల కొడుకులు వేరే పనుల్లోకి పోతున్నారు.

ఇదంతా ఆ స్కానింగ్ కుర్రాడికి చెప్పాను. తల ఊపాడు. తిట్టానని అనుకోకుండా రెండో రోజు మైకు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. బద్ద వంచి, మేకు పీకి చూపించాను. రెండు గంటలు రికార్డు చేసుకున్నాడు. పడవ కొసల కింద కూడా దిమ్మలు పెట్టించమని మ్యూజియం వాళ్ళకి రాశానని కూడా చెప్పాడు. మొత్తం పని ఫైలుగా చేసి నాకు పంపాడు. నా కంప్యూటరుకి అది తెరిచే తాహతు లేదట. మనవడు పండక్కి వస్తే వాడి ల్యాప్‌టాప్‌లో చూడాలి.