పిచ్చి, పెళ్లి, పదిహేను రోజులు

మా వంటింటి గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది. పాల లెక్క నీలం పెన్నుతో, పనమ్మాయి నాగాలు ఎర్ర పెన్నుతో. ఒకటో తారీఖున ఆ ఎర్ర సున్నాలు లెక్కపెట్టే మా ఆవిడ జీతంలో కోత పెడుతుంది. ఆ క్యాలెండర్ ఒక సర్కారీ దస్తావేజు అని కొన్నేళ్ల కిందటి దాకా నాకు తెలియదు.

అప్పట్లో జాతీయ క్రెష్ పథకం నడుస్తోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకుంటారు. (ఏడున్నర అనగానే మా అత్తగారు శనీశ్వరుణ్ని తలచుకున్నారు. ఆవిడ తప్పేం లేదు.) అయితే తల్లి పనిచేస్తూ ఉండాలి. ఎన్నాళ్లు? నెలకు కనీసం 15 రోజులు, లేదా ఏడాదికి ఆరు నెలలు.

మా పనమ్మాయి నాలుగిళ్లలో చేస్తుంది. ఒక్క ఇంటివాళ్లూ అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చిన పాపాన పోలేదు. "సార్, పనిచేస్తున్నా అని ఓ కాయితం రాసియ్యండి" అంది. సాక్ష్యానికి క్యాలెండర్ దించాం. ఆ నెల 17 సున్నాలు. ఇన్ని నాగాలేమిటమ్మా అంటే, "పిల్లగాన్ని చూసేటోళ్లు లేరు గద సార్."

చూసేవాళ్లుంటే గానీ 15 రోజులు నిండవు, 15 రోజులు నిండితే గానీ చూసేవాళ్లు రారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న పెద్దమనిషి ఏదో ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరై ఉంటాడు.

ఫీజుకీ మెట్లుండేవి. దారిద్ర్యరేఖకు దిగువనుంటే నెలకు 20 రూపాయలు, తల్లిదండ్రులిద్దరి సంపాదన 12,000 లోపైతే 100, దాటితే 200. ఆ అమ్మాయి జీతం 500 పెంచమంటే, "పెంచితే నీకే నష్టమే, ఫీజు రెట్టింపవుతుంది" అంది మా ఆవిడ. పథకం మొదటి లబ్ధిదారు మా ఇంట్లోనే తేలింది.

ఇక తలల లెక్క. పని దగ్గరికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురొస్తే వాళ్లను కనిపెట్టుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. మంచి మాటే. నలుగురే వస్తే? గట్టున తుమ్మచెట్టుంది, తల్లి దగ్గర పాత చీరుంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులుంటే క్రెష్ ఉండాల్సిందే అన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు కూడా. 49 మంది దగ్గర ఆగిన కంపెనీలో బిడ్డ ఏడుపు చట్టానికి వినపడదు. యాభయ్యోవాడు చేరాలి, వాడు బ్రహ్మచారైనా ఫర్వాలేదు.

2022లో మిషన్ శక్తి కింద ఈ పథకానికి 'పాల్నా' అని పేరు మార్చి, తల్లి పనిచేసినా చేయకపోయినా బిడ్డను తీసుకుంటామన్నారు. హిందీలో ఆ మాటకు ఊయల అని అర్థం. మా పనమ్మాయికి 'పాలన' అని వినపడింది. "అది ఎప్పటిదే గద సార్" అంది.

అర్హత అయితే ఇంటికే నడిచొచ్చింది. వాళ్ల బస్తీకి క్రెష్ రావడమొక్కటే బాకీ. ఈలోగా పిల్లగాడు బడికి పోయాడు. ఇప్పుడు వాడి చెల్లెలు మా డైనింగ్ టేబుల్ కింద కూర్చుని, నీలం పెన్నుతో పాల లెక్క మీద గీతలు గీస్తోంది. నేనూ వంగి లెక్కపెట్టాను. ఒక్కతే. ఇంకా నలుగురు తక్కువ.