నా లెక్కలో లేని మనుషులు

నగరంలో ఎవరి ఇల్లు ఎక్కడుంటే అందరికీ మేలో లెక్కకట్టి తేల్చవచ్చని ఒకప్పుడు గట్టిగా నమ్మాను. పట్టణ ప్రణాళిక చదివే రోజుల్లో, 1964లో విలియం అలోన్సో ప్రతిపాదించిన సిద్ధాంతం నన్ను పట్టేసింది. నగరానికి ఒక కేంద్రం. దగ్గరైతే భూమి ప్రియం, దూరమైతే చౌక, కానీ రానూపోనూ ఖర్చు. ప్రతి కుటుంబం ఈ రెండింటినీ బేరీజు వేసుకుని చోటు ఎంచుకుంటుంది. హైదరాబాద్‌కు ఇదే వర్తింపజేశాను.

ఆబిడ్స్‌ను కేంద్రం చేశాను. అప్పటికే కొలువులు మాదాపూర్ వైపు సాగిపోతున్నాయి. దూరాలకు తిన్నగా గీతలు గీస్తే అవి హుస్సేన్‌సాగర్ నీళ్ల మీదుగా, కంటోన్మెంట్ గోడల మీదుగా పోయాయి. అవన్నీ తర్వాత దిద్దుకున్నాను.

అసలు తెలివితక్కువతనం మాత్రం చాలా ఏళ్లు నాకు కనబడనే లేదు. ఇంటికి ఒక్కరే సంపాదిస్తారని, పొద్దున పోయి సాయంత్రం వస్తారని రాసుకున్నాను. పేదల ఇళ్లు ఊరి అంచున కడితే ఖర్చు తక్కువని జవాబొచ్చింది. మురిసిపోయాను.

చివరికి అది ఒకామె వల్ల తెలిసొచ్చింది. మా మలక్‌పేట వీధిలో పనిచేసే ఆమెకు ఊరి అంచున కొల్లూరులో ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. 2023లో ప్రారంభమైన ఆ కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. మా వీధికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఆమె తెల్లవారకముందే ఒక ఇంట్లో బోళ్లు తోమి, ఇంకో ఇల్లు ఊడ్చి తుడిచి, నడుమ పక్కనే తానుండే బస్తీకి పరుగెత్తి బిడ్డకు టిఫిన్ డబ్బా కట్టి, మళ్లీ మూడో ఇంటికి వస్తుంది. జీతం అందేదాకా కిరాణా కొట్లో ఉద్దెర. "ఇల్లు మంచిగుంది సార్. గని పొద్దుగాల్నే ఈడ బోళ్లెవరు తోముతరు?" అంది.

ఆ పరుగుకు, ఆ ఉద్దెరకు నా లెక్కలో చోటే లేదు. ఆమె బతుకంతా మా వీధి చుట్టూ ఉన్న నాలుగు సందుల్లోనే ఉంది.

పేదల ఇళ్లు అంచునే కట్టాలని లేదు. సికింద్రాబాద్ బోయగూడ ఐడీహెచ్ కాలనీలో 2015లో, మునుపటి బస్తీ ఉన్నచోటే 396 ఇళ్లు కట్టారు. నా పాత లెక్క ప్రకారమైతే అక్కడి భూమి ఖరీదు చూసి ఒక్కటీ కట్టనిచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఇలాంటి నమూనాలు వేస్తున్న పిల్లలకు నా మనవి ఒక్కటే. ముందు బస్తీకి వెళ్లండి. ఆ ఇంట్లో ఎవరెవరు, ఏ వేళకు, ఎక్కడికి నడిచి వెళ్తున్నారో అడిగి రాసుకోండి. సమీకరణం ఆ తర్వాతే రాయండి.