జనవరి ఒకటిన పుట్టిన ఊపిరితిత్తులు

ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టే స్కానింగ్ ఎవరికి చేయాలో అమెరికా నిపుణుల కమిటీ 2021లో ఒక గీత గీసింది. వయసు 50 నుంచి 80, కనీసం 20 ప్యాక్ ఇయర్ల పొగ, మానేసి ఉంటే 15 ఏళ్లు దాటకూడదు. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ మాత్రం 77తోనే చేతులు దులుపుకుంటుంది. 78 నుంచి 80 దాకా పరీక్ష అవసరమే, బిల్లే అనవసరం.

ఈ కొలతను జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం తెచ్చి, కేతకీ సంగమేశ్వరుడి గుడి దగ్గర కూర్చున్న తాతకు పెట్టి చూద్దాం. వయసెంత? ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. పక్కాయనదీ అదే. తారీఖు తెలియనివాళ్లందరికీ ఆధార్ ప్రసాదించేది అదే. సంవత్సరమేమో కంప్యూటర్ ముందున్న పిల్లగాడు నెరిసిన తల చూసి వేసిన అంచనా. “కరువొచ్చిన యాడాది పుట్టిన్నంట బిడ్డా” అంటాడు తాత. ఏ కరువో చెప్పడు, ఈ నేలకు కరువులు తక్కువా? ఏటా డిసెంబరు 31 అర్ధరాత్రి అరుగు మీద కొందరు మూకుమ్మడిగా అర్హులవుతారు, కొందరు అనర్హులవుతారు.

ఇక ప్యాక్ ఇయర్లు. రోజుకు 20 సిగరెట్ల పెట్టె చొప్పున ఏడాది కాలిస్తే ఒకటి. తాతది బీడీ కట్ట. సగం తాగి చెవి మీద పెట్టుకున్నదాన్ని ఏ పద్దులో రాయాలి? అవ్వ లెక్క సులువు: జన్మంతా కట్టెల పొయ్యి ఊదింది, ప్యాక్ ఇయర్లు సున్నా.

గీతకు కారణం లేకపోలేదు. 2011లో ఫలితాలు వెలువడిన అమెరికా పరిశోధనలో 53 వేల మందికి పైగా చేరారు. చేరేనాటికి అందరి వయసూ 55–74. స్కానింగ్ వల్ల ఆ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. కానీ స్కాన్ చూపిన అనుమానాల్లో 96 శాతం ఉత్తవే. పాత క్షయ మచ్చలకు కొదవలేని మన దగ్గర ఉత్త అనుమానాలు ఇంకెన్ని పుడతాయో! పైగా 85 ఏళ్ల ఛాతీ కోయాలంటే ఏ సర్జనైనా వెనకాడతాడు.

మనకా గొడవే లేదు. జాతీయ కార్యక్రమం కింద 30 దాటితే నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు; ఊపిరితిత్తులు జాబితాకే ఎక్కలేదు. పరీక్షే లేనిచోట వయోవివక్ష ఎక్కడిది? ఇంతటి సమానత్వం అమెరికాకు అబ్బాలంటే ఇంకా చాలా ప్యాక్ ఇయర్లు పడుతుంది.

2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల క్షయ వేటలో మాత్రం 60 దాటినవాళ్లకు దగ్గు లేకపోయినా ఎక్స్‌రే తీయమన్నారు. ముసలితనమే అర్హత అయిన అరుదైన సందర్భం! సరే, మచ్చ కనబడింది, తెమడలో క్షయ లేదని తేలింది. తర్వాత? జహీరాబాద్, సంగారెడ్డి, చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితం, తాతకు ఛార్జీ. ఆ మచ్చేదో అవ్వకు వస్తేనే ఇంటికి గిట్టుబాటు.