ఎడింబరో డాక్టరుగారికి ఉత్తరం రాయబోయే రోగులకు సూచనలు

మీరు 1784లో ఉన్నారనీ, కడుపులో ఏదో బాధగా ఉందనీ అనుకుందాం. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించే విలియం కల్లెన్‌గారికి ఉత్తరం రాయండి. ఆయన మిమ్మల్ని చూడరు, చూడాల్సిన అవసరమూ లేదు. స్టెతస్కోపు రావడానికి ఇంకా ముప్పై ఏళ్లు పైనే పడుతుంది. ఛాతీ మీద వేళ్లతో తట్టి లోపలి సంగతి చెప్పొచ్చని వియన్నాలో ఆవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు 1761లోనే రాశాడు గానీ, పట్టించుకున్నవాళ్లు తక్కువ. మంచం పక్కన కూర్చున్న డాక్టరైనా నాలుక చూసి, నాడి పట్టుకుని, ఆపైన మీరు చెప్పిందే వింటాడు. నూరు మైళ్ల అవతలున్నాయన అదే చదువుతాడు. అంటే మీ రోగం మీ కలంలో ఉందన్నమాట. ఈ అవకాశం వదులుకోకండి.

నొప్పి ఎక్కడో చెప్పి మొదలుపెట్టడం మోటుతనం. మీ తాతగారి కీళ్లవాతంతో మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి మీ చిన్నప్పటి గజ్జి, పెళ్లినాటి దిగులు, పోయినేడు వర్షంలో తడిసిన వైనం వరసగా రానివ్వండి. లొసాన్‌లో టిస్సో అనే వైద్యుడు 1761లో వేసిన పుస్తకంలో, దూరం నుంచి రాసేవాళ్లు జవాబివ్వాల్సిన ప్రశ్నలు అచ్చేశాడు. వయసెంత, జబ్బు ఎన్నాళ్లనుంచి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది వగైరా. ఆ జోలికి పోకండి. అడిగినదానికే జవాబిస్తే ఉత్తరం అరపేజీలో తెమిలిపోతుంది. డాక్టరు ఫీజుకి గినీలు పోసి అరపేజీ రాస్తామా?

ఈ టిస్సోగారే అంతకు ముందు ఏడాది హస్తప్రయోగం వల్ల ఒళ్లు ఎలా నాశనమవుతుందో వర్ణిస్తూ ఇంకో పుస్తకం వేశారు. అది చదివి బెదిరిపోయిన మగవాళ్లు తమ పాపాలన్నీ ఏకరువు పెడుతూ తిరిగి ఆయనకే రాసుకున్నారు. మీరూ అంతే. పుస్తకంలో ఉన్న ప్రతి లక్షణమూ మీకుందని రాయండి, ఒకటి తగ్గితే డాక్టరు చిన్నబుచ్చుకోగలడు.

మీ ఊళ్లో మందులిచ్చే సర్జను తనూ రాస్తానంటాడు. రాయనివ్వండి. అతని మందులవల్లే ఇంత దూరం వచ్చిందని మీరు విడిగా ఒకటి రాయండి. ఇంట్లో ఆవిడ చేత మూడోది రాయించండి. మూడు ఉత్తరాల్లో మూడు రోగాలు తేలతాయి, ప్రొఫెసరుగారికి ఎంచుకునే వెసులుబాటు ఉంటుంది.

తపాలా ఖర్చు గురించి బెంగ వద్దు. ముందే కట్టకపోతే అందుకున్నవారే కడతారు. అయితే కాగితాల లెక్కన వసూలు చేస్తారు గనక, రెండో కాగితం పెడితే రుసుము రెట్టింపు. అందుకని పేజీ నిండాక కాగితం పక్కకి తిప్పి, రాసినదాని మీదే అడ్డంగా రాసుకుంటూ పొండి. గళ్ల తువ్వాలులా తయారవుతుంది. వాంతులో విరేచనాలో ఆయనే తేల్చుకుంటారు.

జవాబు వస్తుంది. మందు చీటీ లాటిన్‌లో ఉంటుంది, అది కొట్టువాడి కోసం. మీకోసం రాసింది మాత్రం విసుగు పుట్టిస్తుంది: తిండి తగ్గించు, ఒంటికి ఉన్నిగుడ్డ చుట్టు, గుర్రమెక్కి తిరుగు. మందు తాగి మిగతాది వదిలేయండి. అయితే ‘మీరలా రాయనేలేదు’ అని దబాయించే రోజులు 1781తో పోయాయి. జేమ్స్ వాట్ కనిపెట్టిన కాపీ యంత్రాన్ని కల్లెన్‌గారు ఆ ఏడు ఇంట్లో పెట్టుకున్నారు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం వేసి నొక్కితే అక్షరాలు అందులోకి దిగుతాయి, వెనకవైపు నుంచి చదువుకోవడమే. అలా వేల ఉత్తరాలు మిగిలి, ఎడింబరోలోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఉన్నాయి. మీ మలబద్ధకం కథ రెండు శతాబ్దాల తర్వాత కూడా చదువుతారు గనక దస్తూరీ బాగుండేట్టు చూసుకోండి.

ఎక్కి తిరగడానికి గుర్రం లేదా? కల్లెన్‌గారికి ముందు తరంలో బాత్ పట్నపు డాక్టర్ చెయిన్, లండన్‌లో ఉన్న నవలాకారుడు రిచర్డ్‌సన్‌కి స్ప్రింగులు పెట్టిన ఆసనం మీద కూర్చుని ఎగరమని రాశాడు. ఇంటి గుర్రమన్నమాట, దాణా అక్కర్లేదు. చెయిన్ ఒకప్పుడు విపరీతంగా లావెక్కి, పాలూ కూరలతో సన్నబడ్డవాడు. అందుకని తన రోగులకూ పాలే చెప్పేవాడు. రోగి కోరిందీ పాలే అంటారు గానీ, ఇక్కడ కోరిందీ వైద్యుడే, చెప్పిందీ వైద్యుడే.

రాసే ఓపిక లేకపోతే మిత్రుణ్ణి పురమాయించండి. నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌గారు ఒంటికి నీరుపట్టి, ఉబ్బసంతో బాధపడుతుంటే, 1784లో ఆయన మిత్రుడు బాస్వెల్ ఎడింబరోలో కల్లెన్, హోప్, మన్రో అనే ముగ్గురు డాక్టర్లకీ రాశాడు. ముగ్గురూ జవాబిచ్చారు. జాన్సన్‌గారు ఆ డిసెంబరులో పోయారు. నాలుగో డాక్టరుకి కూడా రాసి ఉండాల్సింది.