లీటరుకు 23

మా ఇంటికి డీజిల్ కారు వచ్చింది 2012లో. ఆ ఏడాది మే నెలాఖరుకు ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 దగ్గరే ఆగింది. హైదరాబాద్‌లో రెండూ ఇంకాస్త ఎక్కువే గానీ తేడా మాత్రం అదే, ముప్ఫైకి పైమాటే. పెట్రోలు ధరను ప్రభుత్వం 2010 జూన్‌లోనే మార్కెట్‌కు వదిలేసింది, డీజిల్‌ను ఇంకా పట్టుకునే ఉంది. ఆ ముప్ఫై రూపాయలు చూసి నాలాంటి నెలజీతగాళ్లు ఎంతోమంది డీజిల్ కారు బుక్ చేసి నెలల తరబడి ఎదురుచూశారు. షోరూమ్‌వాళ్లు ఇచ్చిన కాగితం మీద లీటరుకు 23కి పైన మైలేజీ అని ఉంది, దాని కింద బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ధ్రువీకరణ. ఆ అంకె నా బుర్రలోకెక్కి కూర్చుంది. ఆ తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ దాని చుట్టూ తిరిగినవే.

కొనేముందు మా ఆవిడ ఒక్క మాట అడిగింది. "మనం నెలకు తిరిగేదెంత?" అని. ఆ ప్రశ్న విననట్టే ఊరుకున్నాను. జవాబు తెలియక కాదు. ఇంటి నుంచి ఆఫీసు ఆరు కిలోమీటర్లు. ఆదివారం కూరగాయలు, ఎప్పుడైనా చుట్టాల ఇల్లు, ఏడాదికి కొన్నిసార్లు నందిగామ పక్కన మా ఊరు. అన్నీ కలిపి సగటున నెలకు ఆరువందల కిలోమీటర్లు. అదే మోడల్ పెట్రోలు బండి కంటే డీజిల్‌ది ఆన్‌రోడ్ ధర లక్ష ఎక్కువ. ఇవి రెండూ నా ముందే ఉన్నాయి. కాగితం తీసి రెంటినీ పక్కపక్కన వేసుకోలేదు, అంతే.

ఇప్పుడు వేస్తున్నాను. సిటీలో మా డీజిల్ బండి లీటరుకు 15 ఇచ్చేది. అలాంటి పెట్రోలు బండి 12 ఇస్తుందనుకుందాం. ఆరువందల కిలోమీటర్లకు డీజిల్ 40 లీటర్లు, పెట్రోలు 50. గుండ్రంగా 45 రూపాయలు, 75 రూపాయలు వేసుకుంటే 1,800 ఒకవైపు, 3,750 ఇంకోవైపు. నెలకు 1,950 రూపాయలు మిగులు. బాగానే ఉంది. కానీ ఎక్కువ పెట్టిన ఆ లక్షా బ్యాంకు అప్పే. పదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్ల మీద దాని ఈఎంఐ 2,150 దగ్గర పడుతుంది. అంటే డీజిల్ అత్యంత చౌకగా ఉన్న రోజుల్లో కూడా, నాకు మిగిలినదానికన్నా ఆ మిగులు కోసం నెలనెలా బ్యాంకుకు కట్టినదే ఎక్కువ. తర్వాత సంగతి అందరికీ తెలుసు. 2013 జనవరి నుంచి డీజిల్ నెలకు అర్ధరూపాయి చొప్పున పెరుగుతూ పోయింది, 2014 అక్టోబరులో దాన్నీ మార్కెట్‌కు వదిలేశారు. ముప్ఫై రూపాయల తేడా పది పన్నెండుకు దిగింది. నా మిగులు పన్నెండు వందల లోపుకు పడింది. ఈఎంఐ మాత్రం పైసా దిగలేదు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలును దాటిపోయింది కూడా.

ఆ 23 అబద్ధమని నేననడం లేదు. అది ఎక్కడ పుట్టిందో తెలుసుకోకుండా నమ్మడం నా తప్పు. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండే గదిలో, రోలర్ల మీద బండి చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. ఎక్కడ ఎంత వేగం అందుకోవాలో, ఎక్కడ ఆగాలో ముందే గీసిన గీత ఉంటుంది, డ్రైవరు దాన్ని పట్టుకుపోతాడు. మన దేశపు ఆ గీతలో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లు. మొత్తం ఇరవై నిమిషాల పని. ఏసీ ఆపేసి ఉంటుంది. వెనక సీట్లో నలుగురు, డిక్కీలో బియ్యం బస్తా ఉండవు. పంజాగుట్ట సిగ్నల్ ఉండదు. బండికీ బండికీ పోలిక చూసుకోవడానికి అది పనికొస్తుంది. నా ఇంటి ఖర్చు దాంట్లో వెతకకూడదు. యూరప్‌లోనూ ఇదే గొడవ. అక్కడ కాగితం మీది ఇంధన ఖర్చుకూ రోడ్డు మీది ఖర్చుకూ 2001లో 9 శాతం దగ్గరున్న తేడా 2015 నాటికి 40 శాతం దాటిందని ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆ గొడవ పెరిగే కొత్త పరీక్ష తెచ్చుకున్నారు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లీటరు డీజిల్, లీటరు పెట్రోలు కన్నా బరువు. అందులో ఉండే శక్తి కూడా పది శాతానికి పైగా ఎక్కువ. డీజిల్ బండి లీటరుకు ఎక్కువ దూరం పోవడంలో కొంత ఘనత ఇంజన్‌ది కాదు, ఆ లీటరుదే. మిగతా ఘనత ఇంజన్‌ది, కాదనను. గాలిని పెట్రోలు ఇంజన్ కన్నా చాలా గట్టిగా నొక్కుతుంది, ఆ వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. గాలి దారిని మూసి ఇంజన్‌ను అదుపు చేయాల్సిన పని లేదు కాబట్టి తక్కువ లోడు మీద నడిచేటప్పుడు వృథా తక్కువ. అయితే ఆ ఇంజన్ వేడెక్కడానికి టైము పడుతుంది. బరువైన ఇంజన్, వృథాగా పోయే వేడీ తక్కువ. ఆరు కిలోమీటర్ల ఆఫీసు దారిలో అది సరిగ్గా వేడెక్కేసరికి నేను పార్కింగ్‌లో ఉండేవాణ్ని. సాయంత్రం మళ్లీ చల్లబడిన ఇంజన్‌తోనే మొదలు.

23 రాకపోయేసరికి నేను బంకులను అనుమానించాను. నోటుబుక్కు పెట్టాను. ఫుల్ ట్యాంక్ కొట్టించడం, రీడింగు రాసుకోవడం, మళ్లీ ఫుల్ కొట్టించి భాగించడం. పద్ధతి మంచిదే. నేను గమనించనిది నురగ. డీజిల్ పోస్తుంటే నురగ పైకి లేస్తుంది, నాజిల్ దానికే టక్కుమని ఆగిపోతుంది. నురగ అణిగాక ఇంకో లీటరున్నర పడుతుంది. ఒకసారి మొదటి టక్కుకే ఆపించి, ఇంకోసారి మూతిదాకా పోయిస్తే లెక్క ఎటైనా పోతుంది. పదిహేడు వచ్చిన పేజీలకు ఎర్ర గీత గీసుకున్నాను. పదమూడు వచ్చిన పేజీల పక్కన బంకు పేరు రాసుకున్నాను.

అలా పదమూడు వచ్చిన ఒక సాయంత్రం బంకులో కుర్రాడి మీద విరుచుకుపడ్డాను. వాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. తక్కువ కొడుతున్నావంటూ పదిమందిలో అరిచాను. అయిదు లీటర్ల కొలపాత్ర తెమ్మన్నాను. ప్రతి బంకులో ముద్ర వేసిన కొలపాత్ర ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి. వాడు మారు మాట్లాడకుండా లోపలికెళ్లి తెచ్చాడు. జీరో చూపించి, పాత్రలో నాజిల్ పెట్టి అయిదు లీటర్లు పట్టాడు. నురగ అణిగేదాకా ఇద్దరం దాని మెడ దగ్గరున్న గాజు గొట్టం వైపే చూశాం. డీజిల్ సరిగ్గా గీత మీద నిలబడింది. అయిదు లీటర్లకు ఇరవై అయిదు మిల్లీలీటర్లు అటూ ఇటూ అయినా చెల్లుతుంది, అంత తేడా కూడా లేదు. వాడు ఆ డీజిల్‌ను నా ట్యాంకులోనే పోసి, "సరిపోయిందా సార్?" అని అడిగాడు. సారీ అనే మాట నా నోట్లోంచి రాలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను. కొన్నాళ్లకు ఆ మాట చెబుదామనే వెళ్లాను, వాడు అక్కడ మానేశాడన్నారు.

అమ్మ విషయం రాయడం దీనికన్నా కష్టం. ఎండాకాలంలో ఊరికి తీసుకెళ్తూ, విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దాటగానే ఏసీ కట్టేసి అద్దాలు దించేవాణ్ని. మైలేజీ కోసం. వడగాలి మొహాన కొట్టేది. అమ్మ కొంగు తలమీదుగా చుట్టుకుని, తడిగుడ్డ మెడ మీద వేసుకుని కూర్చునేది. "ఏసీ వెయ్యనా అమ్మా?" అని అడిగేవాణ్ని, అడగడంలోనే వద్దనిపించేలా. "ఎందుకు నాన్నా, గాలి బాగానే ఆడుతోందిగా" అనేది. ఏసీకి పోయేది గంటకు అర లీటరు అటూ ఇటూ. మా ఊరికి అయిదు గంటలు వేసుకున్నా రెండున్నర లీటర్లు. ఆనాటి ధరకు నూట పాతిక రూపాయలు. పైగా ఆ వేగంలో అద్దాలు దించితే లోపలికి దూరే గాలే బండిని వెనక్కి లాగుతుంది, ఆ మిగిలేదీ పూర్తిగా మిగలదు. డెబ్భై దాటిన మనిషిని కోదాడ దాకా ఆ ఎండలో కూర్చోబెట్టి నేను దాచింది అంత.

నిజానికి మైలేజీ మీద అంత ప్రాణం ఉంటే చేయాల్సింది నా చేతిలోనే ఉంది. వేగం. గాలి తాకిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80లో పోయే బండి 100కి వెళ్తే గాలిని తోయడానికి ఒకటిన్నర రెట్లకు పైగా బలం కావాలి. అదే విజయవాడ రోడ్డు మీద ఒకసారి మామగారు పక్కన కూర్చుని కంగారుపడుతుంటే 80 దాటకుండా వెళ్లాను. ఇరవై ఒకటి వచ్చింది, ఏసీ వేసుకునే. అమ్మకు ఏసీ కట్టేసిన ప్రయాణాల్లో నేను 110 మీద పోయేవాణ్ని.

ఇవన్నీ నా ఇంటివరకే అయితే ఇంతగా బాధపడేవాణ్ని కాదు. 2021లో మా బావమరిది కారు కొంటూ, "బావా, ఏం తీసుకోమంటావ్?" అని ఫోన్ చేశాడు. కార్ల గురించి బావకు తెలుసని వాడి నమ్మకం. హైవే ఎక్కగానే మీటరు జీరో చేసి, డాష్‌బోర్డు మీద 22 కనిపించగానే ఫొటో తీసి అందరికీ పంపింది నేనే మరి. ఆ మీటరు ట్యాంకు లెక్క కన్నా ఎప్పుడూ ఒకటి రెండు ఎక్కువే చూపేదని వాడికి చెప్పలేదు. "డీజిలే తీసుకో, కళ్లు మూసుకుని" అన్నాను.

వాడుండేది మియాపూర్, ఆఫీసు కొండాపూర్. ఆరేడు కిలోమీటర్ల దారి, నాలాగే. కానీ బండి నాలాంటిది కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కాలుష్య నియమం వచ్చింది, పొగ గొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు చేరింది. ఆ మసిని అప్పుడప్పుడూ కాల్చేయాలి. అందుకు అక్కడ ఆరువందల డిగ్రీల వేడి పుట్టాలి, దానికోసం ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. బండి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా ఓ మోస్తరు వేగంలో పోతే ఆ పని పూర్తవుతుంది. సగంలో బండి ఆపితే మసి మిగిలిపోతుంది, చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మియాపూర్ నుంచి కొండాపూర్‌కు పదిహేను నిమిషాలు ఆగకుండా పోవడం అర్ధరాత్రి తప్ప కుదిరే పనా? కొన్ని నెలలకే డాష్‌బోర్డు మీద ఆ ఫిల్టరు దీపం వెలిగింది. సర్వీసువాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి కాసేపు తిప్పి రమ్మన్నారు. అప్పట్నుంచి వాడికి ఆదివారం పొద్దున్న ఔటర్ మీద బండి తిప్పడం ఒక డ్యూటీ అయింది. ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. డీజిల్ మిగులుతుందని కొన్న బండికి, అది ఆరోగ్యంగా ఉండటానికి డీజిల్ కాల్చడం. సిటీ మైలేజీ పన్నెండు దాటలేదు.

నా సలహా వల్లే ఇదంతా అని వాడు ఒక్కసారి కూడా అనలేదు. మా చెల్లెమ్మ, అదే వాడి భార్య, అంది ఒకసారి. "అన్నయ్యగారూ, మీరు మా దారి ఎంతో అడిగి ఉంటే బాగుండేది" అని. మెల్లగానే అంది. మా ఆవిడ అడిగితే నేను దాటేసిన ప్రశ్న అదే.

పోయినేడు వాడు ఆ బండి అమ్మేశాడు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు వ్యాపారం పని మీద రోజు మార్చి రోజు వచ్చిపోయే ఆయన కొన్నాడు. కాగితాల కోసం కలిసినప్పుడు లీటరుకు 19, 20 వస్తోందని చెప్పాడు, దీపం గురించి అడిగితే ఏ దీపమన్నాడు. అమ్మకంలో మా వాడికి బాగానే దెబ్బ తగిలింది. అందులో సగం నేనిస్తానన్నాను. "వదిలెయ్ బావా" అంటున్నాడు. ఈ దసరాకు వాళ్లింటికి వెళ్తున్నాం, చెక్కు రాసి పెట్టుకున్నాను. వాడు తీసుకోకపోతే పిల్లల పేరు మీద వేసి వస్తాను.