కంకర వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "కంకర ఒక్క ట్రక్కు తోలితే సరిపోద్ది బాబాయిగారూ, తగ్గితే చూద్దాం."

అవతారిక: తిరువూరులో మా ఇంటిముందు జాగా చినుకు పడితే బురద. పూలకుండీల చుట్టూ కంకర పరుద్దామని ట్రాక్టరబ్బాయికి ఫోను చేయగా, స్థలం చూడకుండానే అతడు పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం:

కంకర = 20 ఎం.ఎం. నల్లరాయి. ఇక్కడ 'గ్రావెల్' అనే పాఠాంతరం అగ్రాహ్యం. మా వైపు గ్రావెలంటే రోడ్డు కింద పోసే ఎర్ర గరుసుమట్టి. ఇంగ్లిషు మోజుతో ఆ మాటన్న మా ఎదురింటాయన గుమ్మం ముందు ఎర్రమట్టే దిగింది.

ఒక్క ట్రక్కు = ట్రాక్టరు వెనక తొట్టెడు. దీన్నే యూనిట్ అని కూడా అంటారు గానీ ఆ పర్యాయపదం నమ్మదగింది కాదు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, అది మారదు. తొట్టి మాత్రం పలకల ఎత్తును బట్టి మారుతుంది. 2022 ఏప్రిల్‌లో ఊరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది గానీ, ఈ తిరకాసు మారలేదు.

తోలితే = గేటు ముందు గుట్టగా పోస్తే. క్రియ అక్కడితో సమాప్తం. పార, గమేళా మన వంతు.

సరిపోద్ది = దీనికి లెక్క కావాలి. జాగా 20 అడుగుల పొడవు, 15 వెడల్పు: 300 చదరపుటడుగులు. మందం బెత్తెడు, అంటే 3 అంగుళాలు, అంటే పావడుగు. వెరసి 75 ఘనపుటడుగులు. తొక్కుడికి అణుగుతుంది కనుక పదో వంతు కలిపితే 82న్నర. మా బావమరిది 20ని 15తో, మళ్లీ 3తో గుణించి 900 తేల్చి, తొమ్మిది యూనిట్లు చెప్పమన్నాడు. అంగుళాన్ని చూసి అడుగనుకోవడం భ్రాంతిమదలంకారం. అతని మాట వింటే కంకర కిటికీ అంచుకు తగిలేది.

బాబాయిగారూ = సంబోధన. ఆ పిలుపు విన్నాక టేపు తీసి తొట్టి కొలవడం ఎవరి తరం?

విశేషం: మూలం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసిన వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఆయన ఇంటిపేరు కొలచాల. కొల, చాల! కంకర తెప్పించుకునేవాళ్లు ముందుగా తలుచుకోవలసిన పేరు. నాకు గుట్ట దిగాక గుర్తొచ్చింది. అప్పుడు కొలిచాను: తొట్టి లోపల 9 అడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. 74 పైచిలుకు.

తగ్గితే చూద్దాం = ఉత్తమ పురుష బహువచనం. అబ్బాయి ఫోను ఎత్తడం లేదు గనుక ఏకవచనంగా అన్వయించుకోవాలి.

తాత్పర్యం: తులసికోట వెనక మూల ఇంకా బురదే. చూస్తున్నాను.