ఉచితాల మీద తోసేసిన సొరంగం

ఉచితాలు ఆపితే చాలు, ప్రాజెక్టులన్నీ పూర్తయి దేశమే మారిపోతుందన్నది రచ్చబండ ఆర్థికశాస్త్రం. ఉచితాలకు ఖర్చు లేదని కాదు. కానీ నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగానికి ఒప్పందం కుదిరింది 2005లో; రైతులకు నగదు పంచిన రైతుబంధు పుట్టింది 2018లో. ఆ 13 ఏళ్ల జాప్యం ఎవరి ఖాతాలో రాయాలి? రాయి గట్టిది, పైన అమ్రాబాద్ పులుల అడవి అంటారా? నిజమే, ఆ రెండూ ఒప్పందానికి ముందే అక్కడున్నాయి! అలాగే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015లో శంకుస్థాపన చేసి, 2023 సెప్టెంబర్‌లో, ఎన్నికల ముంగిట, పొలాలకు కాలువలు లేకుండానే ఒక్క పంపుకు స్విచ్చి నొక్కి పండగ చేశారు. ఓటరు మహాశయులారా, శిలాఫలకం మీది పేరు చాలు. ఇక ప్రాజెక్టు పూర్తయ్యే తేదీ, బడ్జెట్‌లో దాని పద్దు అడగండి.